మూడో కాలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి మాట్లాడతాననుకున్నవారు నన్ను మన్నించాలి. ఆ సంగతి కార్యదర్శిగారు చెబుతారు. మా ఇంట్లో తిరిగే ఒక చిన్న బండి గురించి, అందులోనూ దాని కిందున్న గోళీ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను మంచం దిగడం తగ్గింది. తొమ్మిదో తరగతి చదివే మా మనవడు, "తాతయ్యా, నీ మాత్రల డబ్బా తెచ్చిపెట్టే రోబో చేస్తాను" అన్నాడు. చేశాడు కూడా. రెండు మోటార్లు, రెండు చక్రాలు, ఫోనుతో నడపడం. మొదటిరోజే డబ్బా జారి, బి.పి. మాత్రలన్నీ మంచం కిందికి దొర్లాయి. మా కోడలు కేకలేసింది. పిల్లవాడు బండిని అటకెక్కించి, రెండు వారాలు నా గదిలోకి రావడమే మానేశాడు. నాకు మాత్రలకన్నా అదే బాధ అయింది.

మన ఆఫీసు బల్లలు గుర్తున్నాయా? నాలుగు కాళ్లలో ఒకటి ఎప్పుడూ గాలిలోనే. పాడైన ఫారం మడిచి కింద పెట్టేవాళ్లం. ముక్కాలిపీటకు ఆ బాధ లేదు. నేల ఎలా ఉన్నా మూడూ ఆనుతాయి. అందుకే రెండు చక్రాల బండికి మూడో ఆధారంగా ఒక గోళీ చాలు. చిన్న తొడుగులో అన్ని వైపులా దొర్లుతుంది. బాల్ క్యాస్టర్ అంటారు. మావాడు మొదట తిరుగుడు కుర్చీ కిందుండే రకం చక్రం పెట్టాడు. వెనక్కి నడిపినప్పుడల్లా అది మళ్లుకుంటూ బండిని పక్కకు తోసేది. తర్వాత కోఠీ గుజరాతీ గల్లీలో గోళీది కొన్నాడు. కొన్నది సరైనదే, బిగించడంలోనే వచ్చింది చిక్కు.

ఒక సాయంత్రం బండిని దింపించి, స్కేలుతో కొలిచాను. చక్రాల దగ్గర పలక నేలకు 42 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. గోళీ తొడుగుతో కలిపి 17. అంటే ముందువైపు 25 మిల్లీమీటర్లు వాలిపోయింది. డబ్బా జారక ఏమవుతుంది? 25 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలు రెండు మధ్యలో పెట్టి బిగించాం. మరలు మరీ బిగిస్తే ప్లాస్టిక్ తొడుగు వంగి గోళీ పట్టేస్తుంది. అది రెండోసారికి తెలిసింది.

"నీకెలా తెలిసింది తాతయ్యా?" అన్నాడు. "బల్లకాళ్ల కింద కాగితాలు పెట్టిన అనుభవంరా" అన్నాను. నవ్వాడు.

ఇంకో తంటా. డబ్బాను చక్రాలకు వెనకగా పెడితే బయలుదేరేటప్పుడు ముందు భాగం లేస్తోంది. పూర్తిగా గోళీ మీదికి జరిపితే చక్రాలకు పట్టు చాలక నున్నటి బండల మీద ఊరికే తిరుగుతున్నాయి. రెంటికీ మధ్య, కాస్త చక్రాల వైపుకు పెట్టాక కుదిరింది. వారానికోసారి గోళీ ఊడదీసి, చుట్టుకున్న వెంట్రుకలు, దుమ్ము తీయాలి. ఆ పని నాది.

గడప మాత్రం ఎక్కలేదు. అంత చిన్న గోళీకి అది సాధ్యం కాదు. మాత్రలు గడప దాకా వస్తాయి, అక్కడికి నేను కర్ర పట్టుకుని వెళతాను. వాడు అవతల నిలబడి చూస్తుంటాడు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.