శీతకాలపు ఆతిథ్యము



సీతమ్మధారలో డిసెంబరు వచ్చినను శాలువతో అంతగా పని యుండదు. సముద్రము చేరువనున్నందున చలి మన గుమ్మము దాటి లోనికి రాదు. అందుచే మనమే చలిని వెదకికొనుచు మన్యమునకు పోవుదుము. నర్సీపట్నము మీదుగా లంబసింగి, పాడేరు మీదుగా వంజంగి. రాత్రివేళ కొండనేల వేడిని కోల్పోగా, చల్లబడిన గాలి బరువెక్కి లోయలోనికి దిగును. పైనున్న వెచ్చని గాలి మూతవలె అడ్డుపడుటచే మంచు పైకి లేవజాలదు. తెల్లవారుసరికి లోయ నిండ పాలు పొంగినట్లుండును. లంబసింగికి కొర్రబయలు అను మరియొక పేరు కలదు. రాత్రి ఆరుబయట నున్నవాడు కొయ్యబారిపోవునని దాని భావముగా అచ్చటివారు చెప్పుదురు.

ఆ చలిలో మనకు గుడారము వేసి యిచ్చి, మనము వెడలిన పిదప ఆ చోటును చక్కబెట్టువారు ఎవరు? నేటి ప్రసంగము వారిని గురించి.

ముందుగా దూరదేశపు పద్ధతి యొకటి చెప్పెదను. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆంజా-బొరెగో అను ఎడారి ఉద్యానవనము కలదు. విస్తీర్ణము 5 లక్షల ఎకరములకు మించినది. వేసవిలో అచ్చట ఎండకు నిలువలేరు, శీతకాలమే యాత్రాకాలము. ఆ దేశపు ఉద్యానవనములలో, ఉద్యోగ విరమణ చేసిన దంపతులు చక్రములపై నడచు ఇంటితో వచ్చి, ఋతువంతయు విడిది చూచుకొనుచు నివసించుట కలదు. సాధారణముగా వారికి జీతముండదు. మకాము స్థలము ఉచితము. వచ్చినవారికి చోటు చూపుట, నియమములు తెలుపుట, రాత్రి గోల చేయువారిని మందలించుట వారి పని. ఆంజా-బొరెగోలో నేలపై మంట వేయరాదు. లోహపు తొట్టిలో వేసి, బూడిదను తామే తీసికొనిపోవలెను. ఎండుపుల్ల యైనను ఏరరాదు. ఎడారిలో చెట్టు మిక్కిలి మెల్లగా పెరుగును. ఎండిన కొమ్మ సైతము చిన్న ప్రాణులకు నీడ. విడిది చూచు ముదుసలి “వద్దు” అనినచో ఆ మాట వెనుక శాసనము నిలుచును.

మన కొండలలో గుడారములు చూచువారు పలువురు గిరిజన రైతులే. కాఫీ పండ్లు ఎరుపెక్కుటయు, మనము కొండ లెక్కుటయు ఒకే ఋతువున. పగలు పండ్ల కోత, రాత్రి అతిథుల సేవ. నిద్ర యెప్పుడో వారికే తెలియవలెను.

రెండేండ్ల క్రిందట మా వీధివారము పదిమందిమి పోయితిమి. కొందరు అర్ధరాత్రి దాటువరకు పాటలు మ్రోగించిరి. మంట చాలలేదని ఒకరు పచ్చికొమ్మ విరిచిరి. గుడారముల పెద్దాయన వచ్చి, కొంతసేపు నిలిచి, ఏమియు అనక మరలిపోయిరి. ఉదయము మేము మేఘములు చూచి దిగి వచ్చుసరికి ఆయన భార్య మా సీసాలను గోనెసంచిలోని కెత్తుచుండెను.

“రాత్రి చెప్పలేకపోయారా పెద్దాయనా?” అని అడిగితిని.

“వద్దంటే మళ్లీ రారు కదా బాబూ” అనిరి.

ఆ మాట వినయమని మొదట తోచినది. ఇల్లు చేరిన తరువాత అది భయమని తెలిసినది. తన నేలపై తాను “వద్దు” అనుటకు గల హక్కును మేము అద్దె రూపాయలతో కొనివేసితిమి. ఒకరింటికి పోయినపుడు చెప్పులు ఎక్కడ విడువవలెనో ఎవరును చెప్పకయే మనకు తెలియును. కొండ యెక్కగానే ఆ తెలివి ఏల జారిపోవలెను?

గత శీతకాలమున మరల అచ్చటికే పోయితిని. మూట దింపకముందే, “ఇక్కడ మేము చేయకూడనివి ఏమిటో చెప్పండి” అని అడిగితిని. పెద్దాయన నా ముఖము వంక కొంతసేపు చూచిరి.

“ఆ పనసచెట్టు కింద మంట ఎయ్యొద్దు బాబూ” అనిరి.

ఆయన నోట నేను విన్న మొదటి “వద్దు” అది. ఆ రాత్రి చలి కాచుకొనుటకు మాకు వేరొక చోటు ఆయనయే చూపిరి.