మందూ మాటా రెండూ నేర్పే చోటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విద్యుత్ శాఖ ఇంజనీరుకి సైకియాట్రీతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మా అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తిచేసి, పీజీలో సైకియాట్రీయే తీసుకుంటానంది. “పిచ్చి డాక్టరంటారే తల్లీ” అని మా పెద్దవాళ్లు బతిమాలారు. తను మాట మార్చలేదు. ఇక తేలాల్సింది ఏ కాలేజీ అన్నదే. ఆ విషయం మీద ఎందరో పీజీలతో మాట్లాడాం. ఇదే దారిలో వెళ్లాలనుకునే పిల్లలు మీ ఇళ్లలోనూ ఉన్నారని విన్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

మనసు జబ్బుల వైద్యానికి రెండు చేతులున్నాయి. ఒకటి మందు. ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. అది నేటికీ వాడుకలో ఉంది. కానీ రక్తంలో దాని మోతాదు కాస్త పెరిగినా విషమే, తగ్గితే ఫలితం ఉండదు. అలాంటి మందుల్ని నడపడం పుస్తకంలో చదివితే రాదు, వార్డులో నేర్చుకోవాలి.

రెండోది మాట. సైకోథెరపీ అంటే ఓదార్పు కాదు, దానికో పద్ధతి ఉంది. మురికి భయంతో రోజుకు వందసార్లు చేతులు కడుక్కునే మనిషి చేత తలుపు గడియ ముట్టించి, కడుక్కోకుండా కూర్చోబెడతారు. ఆ భయం దానంతటదే తగ్గుతుందని అతని అనుభవానికి తెచ్చి, మెట్టు మెట్టుగా ముందుకు తీసుకెళతారు. ఇలా వారానికొకసారి, ముప్పావు గంట చొప్పున, నెలల తరబడి సాగుతుంది.

మన ఎండీ మూడేళ్లు. రద్దీ ఓపీ ఉన్నచోట మందులు రాయడం ఎలాగూ వస్తుంది. మాట నేర్వడానికే తీరిక దొరకదు. అందుకని వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు అక్కడి రెండో ఏడాది, మూడో ఏడాది పీజీలను ఇవి అడగండి.

ఒకే రోగిని నెలల పాటు థెరపీకి చూశావా? ఆ కేసు గురించి పోయిన వారం ఏ సీనియర్‌తో కూర్చుని మాట్లాడావు? ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. మా శాఖలో ఎల్.సి. లేకుండా, పక్కన అనుభవజ్ఞుడు లేకుండా కుర్రవాణ్ణి లైను మీదికి ఎక్కించం. థెరపీలోనూ అంతే. తప్పు పట్టుకుని సరిదిద్దేవాడు పక్కన లేకపోతే మూడేళ్లు గడిచినా ఆ తప్పే అలవాటవుతుంది.

విభాగంలో క్లినికల్ సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు ఉన్నారా? వాళ్లు ఉండి, థెరపీ అంతా వాళ్లకే అప్పగిస్తే మాత్రం పీజీకి ఒరిగేదేమీ లేదు. వాళ్లతో కలిసి చేయనిస్తారా అన్నది అడగాలి.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. థెరపీ బాగా నేర్పుతారు గానీ తీవ్రమైన జబ్బులు రావంటే అదీ లోటే. స్కిజోఫ్రెనియా, ఎమర్జెన్సీ, మత్తు మాన్పించడం, పిల్లల సమస్యలు చూడకుండా సైకియాట్రిస్టు కాలేరు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల వంటి పెద్దాసుపత్రుల్లో రోజూ కనబడే కేసులకు సాటి లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబాలతో కలిపి వైద్యం చేసే ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడ చేరాలంటే ఐఎన్ఐ సెట్ రాయాలి. అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే నాలుగేళ్ల రెసిడెన్సీలో థెరపీ నేర్చుకోవడం నిబంధనే. అయినా గంటలెన్ని, నేర్పేవారెవరు అన్నది అక్కడా అడగవలసిందే.

చివరగా భాష సంగతి. మందుకి భాష లేదు, థెరపీకి ఉంది. మన ఊరి మనిషి “డిప్రెషన్” అనడు. “మనసు మనసులో లేదు”, “గుండెల్లో గుబులు” అంటాడు, లేదా నడుం నొప్పంటాడు. ఆ మాట వెనక మాటను పట్టుకోవడం ఆ భాషలోనే నేర్చుకోవాలి. దూర రాష్ట్రాల సీటు ఎంత గొప్పదైనా దీన్నీ లెక్కలో వేసుకోండి.

మన చిన్నప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరిని పిచ్చివాళ్లని వదిలేశాం. గదిలో పెట్టి గడియ వేసిన ఇళ్లూ మనకు తెలుసు. వాళ్లకి అటు మందూ అందలేదు, ఇటు మాటా అందలేదు. ఆ రెండూ ఇవ్వగల డాక్టరు కావాలని మీ పిల్లలు అనుకుంటే, దయచేసి అడ్డుపడకండి. మంచి చోటు వెతకడంలో తోడుండండి.