మా మామ్మగారి ఆదివారములు

(పర్లాకిమిడి తెలుగువారి సభలో, మామ్మగారి ప్రథమ వర్ధంతి సందర్భమున, ఆమె మనుమలు చదివిన ప్రసంగ పాఠము)



మా మామ్మగారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మీరు మమ్ము కోరితిరి. మేము వక్తలము కాము. ఆమె మనుమలము, మనుమరాండ్రము పదునొకండుగురము ఉన్నాము. అందరము కూర్చుండి, జ్ఞాపకమున్నది ఒకరికొకరము చెప్పుకొని, దీనిని వ్రాసితిమి. వ్రాసిన తెలుగు తప్పుల కుప్పగా ఉండగా, మామ్మగారి యొద్దనే అక్షరములు దిద్దిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు దానిని సవరించి ఈ రూపమునకు తెచ్చినారు. కావున ఇందలి గ్రాంథికపు తీరు వారిది, తప్పులు మావి. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకై పోరాడిన ఈ ఊరిలో ఇట్టి భాష చదువుచున్నందుకు మమ్ము మన్నింపవలెను.

మామ్మగారు 1928లో ఈ పట్టణముననే జన్మించినారు. అప్పటికి ఇది మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లా. ఆమెకు ఎనిమిదేండ్లు రాగా, 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రము ఏర్పడెను. పర్లాకిమిడి జమీందారీలో పట్టణమును, కొంత భాగమును అందులో చేరినవి. తక్కిన భాగము మద్రాసు రాజధానిలోనే నిలిచిపోయినది. మహేంద్రతనయ నీళ్లు త్రాగువారు రెండు రాష్ట్రములవారైరి. పాతపట్నములోని పిన్నమ్మ ఇంటికి పోవుట రాష్ట్రము దాటుట ఆయెను. ఆ సంవత్సరమే రామమూర్తి పంతులుగారు ఈ మార్పు సహింపలేక, అర్ధ శతాబ్దము మించి నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము వెళ్లిపోయిరి. ఆ వార్త పెద్దలు చెప్పుకొనుచుండగా విన్నట్లు మామ్మగారికి లీలగా జ్ఞాపకముండెను. ఎవరైనను క్రొత్తవారు, మీ పూర్వులు ఆంధ్రదేశమునుండి ఎప్పుడు వచ్చిరని అడిగినచో ఆమె నవ్వి, "మేం ఎక్కడికీ ఎల్లలేదు నాయనా, మా ఊరే ఒడిస్సాలోకి ఎల్లిపోనాది" అనుచుండెడివారు.

ఆమె తల్లిగారు బైబిలు స్త్రీగా పని చేసిరి. కెనడా బాప్తిస్టు మిషనువారు ఈ ప్రాంతమున పని సాగించుచున్న దినములవి. చేత సంచి, తలపై గొడుగు, కాళ్లకు చెప్పులు లేవు. ఊరూరికి నడచి, ఇంటి లోపలి స్త్రీలకు వాక్యము చదివి వినిపించుట ఆమె పని. వేసవి సెలవులలో మామ్మగారు ఆమె వెంట నడచెడివారు. తాను చదువు నేర్చినది బడిలో కాదనియు, అమ్మ చదువుచుండగా ప్రక్కనుండి చూచి నేర్చితిననియు ఆమె చెప్పుచుండిరి. పుస్తకమును ఎదుటినుండి తలక్రిందుగా చూచి చదువగల నేర్పు ఆమెకు తుదివరకు ఉండెను. చిన్నతనమున మా పాఠ్యపుస్తకములను అట్లు చదివి మమ్ము ఆశ్చర్యపరచుచుండెను.

1946లో వివాహమైనది. మా తాతగారు నౌపడా నుండి గుణుపురము పోవు చిన్న రైలుబండిలో గార్డు. 1900లో పర్లాకిమిడి వరకు వచ్చి, 1931లో గుణుపురము చేరిన ఆ మార్గము మీలో పెద్దలకు తెలిసినదే. దాని బొగ్గు యింజను కూత విని ఊరిలో గడియారములు సరిచేసుకొనెడివారట. బండి ఆలస్యమైన దినమున ఊరంతయు ఆలస్యమే. 1971లో తాతగారు హఠాత్తుగా మరణించిరి. మామ్మగారికి నలువది మూడేండ్లు, ఐదుగురు బిడ్డలు, చిన్నవానికి ఏడేండ్లు. వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో ఆమె మొదట కొన్నది కుట్టు మిషను. మిగిలిన జీవితమంతయు ఆ మిషను చప్పుడుతోనే గడచినది. క్రిస్మసుకు ముందు నెల ఇంటిలో నడచుటకు చోటుండెడిది కాదు, అంతట గౌనులే.

ఆదివారము మిషనుపై గుడ్డ కప్పబడెడిది. ఎంత తొందర పనియైనను ఆ గుడ్డ తీయుట లేదు. ఒకే ఒక ఆదివారము తీసినట్లు మా పెద్ద మేనత్తగారు చెప్పిరి. వీధిలో ఒక ఒడియావారి పసిబిడ్డ తెల్లవారుజామున మరణించెను. మామ్మగారు ఎవరును అడుగకయే తెల్లని గుడ్డతో చిన్న చొక్కా కుట్టి, తామే తీసికొనిపోయి ఇచ్చి, అక్కడినుండియే ఆరాధనకు వెళ్లిరట. ఆ బిడ్డ తల్లి తరువాత ఏబది యేండ్లు మామ్మగారిని "మావుసీ" అని పిలుచుచు, ప్రతి పండుగకు పిఠాలు పంపుచుండెను. భూస్థాపన దినమున మా కంటె ముందుగా వచ్చి గుమ్మమున కూర్చున్నది ఆమెయే.

ఇక మామ్మగారి ఆదివారమును గూర్చి చెప్పవలెను. అది శనివారము సాయంకాలమే ఆరంభమగును. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తెల్లచీర ఇస్త్రీ యగును. కానుక నాణెములు చింతపండుతో తోమి, చేతిరుమాలు కొసన ముడివేయుదురు. మురికి నాణెము దేవునికి వేయుట ఆమెకు సమ్మతము కాదు. వంటయింటిలో ఒక మట్టికుండ ఉండెను. పూటపూటకు ఎసరు పెట్టునప్పుడు కొలిచిన బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి ఆ కుండలో పోయుదురు. నెలకొకసారి అది సంఘమునకు పోవును. 1971 తరువాత కొన్నాళ్లు ఇంటిలో చోడి అంబలియే ఆహారమైనప్పుడు, పిడికెడు బియ్యమునకు బదులు పిడికెడు చోళ్లు పోసిరట. కాపరిగారు మొగమాటపడి, మీకు మినహాయింపు ఉన్నదమ్మా యనగా, "పిడికిలి నాదే కదండీ" అని ఊరకుండిరట.

మందిరములో ఆమె స్థానము స్త్రీల వైపు మూడవ బల్ల, కిటికీ ప్రక్క. అక్కడ మరెవ్వరును కూర్చుండరు. పాటల పుస్తకము చేతనుండును గాని తెరచుట లేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలన్న ఆమెకు ప్రాణము. 1803లో ఈ పర్లాకిమిడి చెంతనున్న మదనాపురమున పుట్టి, 1890 వరకు జీవించి, తెలుగు క్రైస్తవులందరు పాడుకొను కీర్తనలు రచించిన ఆ మహనీయుడు మన ఊరివాడేయని ఆమెకు ఎంతో అతిశయము. గుంటూరునుండియో నెల్లూరునుండియో ఎవరైన బోధకులు వచ్చి మన తెలుగును తేలికచేసి మాటలాడినచో, ఆమె చౌదరిగారి పేరు ఒక్కసారి చెప్పి కూర్చుండెడివారు. హార్మోనియము వాయించు కుర్రవాండ్రతో మాత్రము ఆమెకు నిత్యకలహము. పాత రాగము వదలి సినిమా నడక పట్టినారని ఆమె ఫిర్యాదు. ఈ విషయమున న్యాయము సగమే ఆమె వైపున ఉండెనని మా అభిప్రాయము. ఆమె పాడు రాగము ఆమె తల్లి పాడినది, అంతే. దానిని కూడ ఎవరో ఎప్పుడో మార్చియే యుందురు.

ఆదివారము మధ్యాహ్నము నాలుగు గంటలకు మా వరండాలో పలకల బడి. దీనిని మీలో పలువురు ఎరుగుదురు, మీలో కొందరు అచటనే చదివిరి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములో 1956లో 350ఏ అధికరణమును చేర్చిరి. అధికరణము పుస్తకములో ఉన్నది. ఉపాధ్యాయుడు మాత్రము తరగతిలో లేడు. తెలుగు చెప్పువారు బదిలీయై పోయిన తరువాత ఆ ఖాళీ ఏండ్ల తరబడి నిండని బడిని గూర్చి మామ్మగారు అర్జీలు వ్రాసి వ్రాసి విసిగి, చివరకు తామే పలకలు కొనిరి. ముప్పది యేండ్లకు పైగా ఆ బడి నడచినది. రుసుము లేదు. చేతులు కడుగుకొని రావలెను, అది ఒక్కటే నిబంధన. ఒడియా పిల్లలు సయితము వచ్చి కూర్చుండెడివారు. ఆమె కాదనలేదు. తాము కూడ నలువది యైదవ యేట ఒడియా అక్షరములు నేర్చుకొనిరి. రేషను కార్డు, పురపాలక సంఘపు నోటీసులు ఒడియాలో వచ్చుచుండగా ఇతరులచేత చదివించుకొనుట ఆమెకు ఇష్టము లేకపోయెను. నేర్చిన తరువాత వీధిలోని చదువురాని ఒడియా స్త్రీలకు ఉత్తరములు చదివి పెట్టినది ఆమెయే.

ఇప్పుడు చెప్పుటకు కష్టమైన విషయము ఒకటి ఉన్నది. దానిని దాచినచో ఈ ప్రసంగము అబద్ధమగును. వీధి పిల్లలకెల్ల అక్షరములు నేర్పిన ఆమె మనుమలలో సగము మందికి తెలుగు చదువుట రాదు. మా తలిదండ్రులు మమ్ము ఇంగ్లీషు బడులకు పంపిరి. ఆదివారము నాలుగు గంటలకు మేము క్రికెట్టు ఆడుచుంటిమి. ఆమె పిలిచిరి. మేము పోలేదు. రెండవసారి పిలుచుట ఆమె స్వభావము కాదు.

1998లో సంఘములో ఒక ప్రతిపాదన వచ్చినది. పిల్లలకు తెలుగు వాక్యము బోధపడుటలేదు గనుక ఆరాధన ఒడియాలో జరుపుదమని. దానిని లేపినవారిలో మా సొంత చిన్నాన్నగారు ఒకరు. ఆయన దురుద్దేశముతో అనలేదు. తన బిడ్డలు, అనగా మేమే, ప్రసంగ సమయమున బయట తిరుగుచుండుట ఆయన చూచుచున్నాడు. మామ్మగారు సభలో ఒక్క మాట మాటలాడక లేచి ఇంటికి వచ్చిరి. తరువాత మూడు ఆదివారములు మందిరమునకు పోలేదు. ప్రసవములకును, పెద్ద జ్వరములకును తప్ప ఆమె మానిన ఆదివారములు అవి మూడే. ఇంటిలో కొడుకుతో మాటలు లేవు. మూడవ వారము ఆ మూడవ బల్ల ఖాళీగా నుండుట చూడలేక ఒక ముసలామె ఏడ్చినదట.

నాలుగవ వారము తెల్లచీర కట్టుకొని వచ్చిరి. ఆరాధన ముగిసిన తరువాత లేచి నిలుచుండి, "దేవుడికి అన్ని బాసలూ వచ్చు. నాకే రావు. పిల్లలకి అర్థమయ్యేలాగ చెప్పండి, పాటలు మాత్రం మావి మాకు ఉంచండి" అనిరి. అట్లే నిర్ణయమైనది. వాక్యము రెండు భాషలలో, కీర్తనలు తెలుగులో. నేటికిని అదే పద్ధతి సాగుచున్నది. ఆమె ఓడిపోయినదని కొందరు, గెలిచినదని కొందరు అనుకొనిరి. ఇంటికి వచ్చి చిన్నాన్నగారికి అన్నము వడ్డించిరి, మాకు తెలిసినది అది.

2024 నవంబరులో, తొంబది యారవ యేట, నిద్రలోనే ఆమె ప్రభువునందు నిద్రించిరి. విశాఖపట్నములోని కుమారునియొద్దకు రమ్మని పలుమారులు పిలిచినను ఆమె పోలేదు. ఊరు రెండవసారి కూడ మారనక్కరలేదని హాస్యమాడిరి.

ఆమె బైబిలు పెద్దది, వెన్ను రెండుసార్లు కుట్టినది. ముందటి ఖాళీ పుటలలో వంశమంతయు వ్రాసియుండెను. పుట్టుకలు, బాప్తిస్మములు, వివాహములు, మరణములు. తాతగారి మరణము ప్రక్కన బండి నెంబరు కూడ ఉన్నది. ఆ పుటలను చదువుటకు మేము మా ఇంటి పెద్దక్కగారిని పిలువవలసి వచ్చినది. చివరి పుటలో పదునొకండుగురి పేర్లు వరుసగా ఉన్నవి. ఐదు పేర్ల ప్రక్కన ఎర్ర సిరాతో చిన్న గీత, ఆరింటి ప్రక్కన ఏమియు లేదు. అక్కగారు ఆ గీత యేమో కొంతసేపటికి గాని గ్రహింపలేదు. అక్షరములు నేర్చినవారికి గీత. తక్కిన చోటును ఆమె కొట్టివేయలేదు, ఏమియు వ్రాయలేదు, ఖాళీగా ఉంచిరి.

ఆ ఆరుగురిలో నలుగురము ఈ సంవత్సరము పలక పట్టితిమి. మాలో పెద్దవారికి ఏబది రెండేండ్లు. ఱ, ర లకు భేదమేమో మాకు నేటికిని తెలియదు. మాస్టరుగారు అది తెలియకపోయినను బ్రతుకవచ్చునని సెలవిచ్చినారు.

సమాధి రాతిపై తెలుగు చెక్కువారు ఊరిలో దొరకలేదు. కాగితముపై అక్షరములు వ్రాసి పాతపట్నము పంపితిమి. రాయి గత నెలలో వచ్చినది. ఆమె పేరు, రెండు సంవత్సరములు, క్రింద "పర్లాకిమిడి" అని ఉన్నది. జిల్లా గాని రాష్ట్రము గాని వేయింపలేదు. ఆ కాగితము వ్రాసినది మేమే గనుక "డి" కొంచెము వంకరగా పడినది. చెక్కినవాడు వంకరను వంకరగానే చెక్కినాడు.

మామ్మగారి కుట్టు మిషనును స్త్రీల సమాజమునకు ఇచ్చితిమి. పలకలు పదునెనిమిది ఇంటిలో ఉన్నవి. వచ్చు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు మా వరండాలో మరల బడి కూడును. మాస్టరుగారు చెప్పుదురు. మేము నలుగురము వెనుక వరుసలో కూర్చుందుము, ముందు వరుస పిల్లలకు ఖాళీగా ఉంచితిమి. చేతులు కడుగుకొని రావలెను.