కవిగారి నోటు పుస్తకం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా కవుల కూటమి తరఫున పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు సెలవిచ్చినారు. "మీ కవుల బతుకు ఎట్లుంటుందో చెప్పండి, కవిత్వం మాత్రం చదవొద్దండి" అని షరతు కూడా పెట్టినారు. వారి భయం మాకు తెలుసు. మా చేతికి మైకు వచ్చిందంటే భోజనాలు చల్లారిపోతాయి.

కడపలో మేము ఏడుగురం. ఒక దర్జీ, ఒక ఆర్టీసీ కండక్టరు, రిటైరైన అయ్యవార్లు ఇద్దరు, ఒక బైకు మెకానిక్కు, కిరాణా అంగడిలో లెక్కలు రాసే ఒకరు, హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి విరమించిన ఒక ఆపా. ఐదుగురం ఉర్దూలో రాస్తాం, ఇద్దరం తెలుగులో. నెలకొక ఆదివారం ఇషా నమాజు అయినాక దర్జీ భాయి అంగట్లో మిషన్లు ఒక పక్కకు జరిపి, చాప పరుచుకొని కూర్చుంటాం. టీ ఖర్చు వంతులవారీ. వంతు వచ్చిన నెల కొందరికి జ్వరం వస్తుంది, అది వేరే సంగతి.

కవి అంటే తీరిగ్గా చెట్టు కింద కూర్చొని ఆకాశం చూసేవాడని మీలో చాలామంది అనుకుంటారు. మా కండక్టరుకు మాట తోచేది బస్సు కిటకిటలాడుతున్నప్పుడే. టికెట్టు కాగితం వెనక రెండు ముక్కలు గీకి జేబులో వేసుకుంటాడు. ఇంటికి పోయేసరికి చొక్కా వాషింగుకు పోయి ఉంటుంది. దర్జీ భాయి సంగతి ఇంకా ఘోరం. కాఫియా కుదరక ఆలోచిస్తూ ఒక పెద్దమనిషి షేర్వాణీకి రెండు చేతులూ కుడిచేతులే కత్తిరించినాడు. బట్ట ఖరీదు తన చేతినుంచి కట్టుకున్నాడు. ఆ గజల్ మాత్రం బాగా వచ్చింది, మేమందరం వాహ్ వాహ్ అన్నాం. వాళ్లింట్లో ఆమె అనలేదు.

మా కూటమికి ఒక ఉస్తాదు ఉండేవారు. ఆయనే ఒక మిస్రా, అంటే ఒక పాదం, ఇచ్చేవారు. దాని బహర్, కాఫియా, రదీఫ్ తప్పకుండా అందరూ గజల్ అల్లుకొని రావాలె. దీన్నే తరహీ ముషాయిరా అంటారు. మేము చదువుతూ ఉంటే ఆయన మోకాలిమీద వేలితో తాళం వేసేవారు. ఎక్కడ వేలు ఆగిందో అక్కడ మా బహర్ కుంటిందని అర్థం. తిట్టేవారు కారు. వేలు ఆపేవారు, అంతే. తెలుగులో రాసే మమ్ములనూ వదలలేదు. గురువు లఘువులు ఆయనకు పట్టవు గాని చెవికి పట్టేవి. కందానికి ప్రాస పాదంలో రెండో అక్షరం కాడ కూర్చుంటుంది, గజల్‌కు కాఫియా షేర్ కొసన రదీఫ్‌కు ముందు కూర్చుంటుంది అని మేము చెబితే, "అయితే మీవాళ్లు వాకిట్లోనే పలకరిస్తారు, మావాళ్లు సాగనంపేటప్పుడు" అని నవ్వినారు.

ఇక సెహ్రాల సంగతి చెప్పకపోతే మా బతుకు చెప్పినట్లు కాదు. పెళ్లికొడుకు ముఖానికి కట్టే పూలతెర సెహ్రా, దానిమీద రాసి వినిపించే కవిత్వమూ సెహ్రాయే. రేపు నికాహ్ అనగా ఈరోజు అసర్‌కు మనిషి వస్తాడు. చేతిలో ఒక చీటీ. అందులో తాత మొదలు మేనమామల దాకా పద్నాలుగు పేర్లు. అన్నీ బహర్‌లో ఇమడాలె. ఒక మామూ పేరు ఎంత చేసినా ఇమడక వదిలేస్తే ఆయన దస్తరఖాన్ మీదినుంచి లేచిపోయినాడు. సెహ్రా పుట్టించిన తగువులు మనతోనే మొదలు కాలేదు లెండి. 1852లో మొగలు రాకుమారుడు జవాఁ బఖ్త్ పెళ్లికి గాలిబ్ రాసిన సెహ్రాలో చివరి షేర్ తన ఉస్తాదు జౌఖ్‌ను ఎత్తిపొడిచినట్లుందని బహదూర్ షా జఫర్‌కు తోచింది. జౌఖ్ పోటీగా ఇంకొకటి రాసినాడు. గాలిబ్ అంతటివాడు క్షమాపణగా మరొకటి రాసుకోవలసి వచ్చింది.

షామియానాకు బడ్జెట్టు ఉంటుంది, లైటింగుకు ఉంటుంది, ఇప్పుడు డీజేకూ ఉంటుంది. కవికి మాత్రం బిర్యానీ. ఈ మాట ఫిర్యాదుగా అనడం లేదు, బిర్యానీ మంచిదే. అయితే ఒక సభలో మమ్ములను పిలిచి, ఉపన్యాసాలన్నీ అయినాక రాత్రి పన్నెండున్నరకు మైకు ఇచ్చినారు. ఎదురుగా కుర్చీలు ఎత్తుతున్న ఇద్దరు పిల్లలు తప్ప ఎవరూ లేరు. ఉస్తాదు ఆ ఇద్దరికే పూర్తి గజల్ చదివినారు. అందులో ఒకడు కుర్చీ దించి కూర్చున్నాడు.

ఆ ఉస్తాదు పోయి రెండేండ్లయింది. అసలు చెప్పవలసింది ఇక్కడే ఉంది.

ఆయన పోయిన ఆరు నెలలకు వారి అబ్బాయి మా దర్జీ భాయి కాడికి వచ్చినాడు. ఇల్లు మారుతున్నారట. "చాచా, అబ్బా రాసిన పుస్తకాలు పెట్టెలో ఏడు ఉండినాయి. మాకెవరికీ చదవను రాదు. మూడు పాత పేపర్లతో పాటు తూకానికి పోయినాయి. మిగిలినవి మీకేమైనా పనికొస్తాయా?" అన్నాడు. మంచి పిల్లవాడు, తండ్రిని బాగా చూసుకున్నాడు. అతను చదివింది తెలుగు, ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే, కాని ఆ లిపి అతనికి గోడమీది చారలవంటిది. అతన్ని ఏమని అనగలం? మా ఇండ్లల్లో మాత్రం చదివేవాళ్లు ఎందరున్నారు?

మేము పాత కాగితాల అంగడికి పరుగెత్తితిమి. సరుకు అప్పటికే లారీకెక్కి పోయింది. ఆ రాత్రి మిగిలిన నాలుగు పుస్తకాలు చాపమీద పెట్టుకొని కూర్చుంటిమి. ఒకదానికి వాన తడి తగిలి సిరా పాకింది. ఇంకోదాంట్లో గజల్ పక్కనే పాల లెక్క, రేషను చీటీ నంబరు, అబ్బాయి ఫీజు కట్టిన తేదీ ఉన్నాయి. ఒక షేర్‌ను పదకొండుసార్లు కొట్టివేసి రాసినారు. మా బహర్ కుంటితే వేలు ఆపిన మనిషి తనది ఎన్నిసార్లు ఆపుకున్నాడో అప్పుడు చూస్తిమి.

గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో రాసిన కవిత్వం ఈనాడు మనకు ఉన్నదంటే, ఆయన 1612లో పోయినాక తర్వాత గద్దెనెక్కిన వారసుడు దాన్ని దీవాన్‌గా కూర్పించబట్టే. రాజుగారి కవిత్వానికే ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చింది. అంతదూరం ఎందుకు? 1820లో మన కడపకు ఉద్యోగానికొచ్చిన బ్రౌను దొర తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, పురుగులు తింటున్న తెలుగు తాళపత్రాలకు నకళ్లు రాయించినాడు. యెర్రముక్కపల్లెలో ఆయన పేరుమీద గ్రంథాలయం ఉంది. మనం రోజూ దానిముందు పోతూ ఉంటాం.

2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండవ అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. సంతోషమే. చట్టం మన ఇంటికొచ్చి తాతగారి పుస్తకం చదివిపెట్టదు గదా.

కాబట్టి మేమే మొదలుపెడితిమి. కుడిపేజీలో ఉర్దూ లిపి, ఎడమపేజీలో అదే మాట తెలుగు లిపిలో. చిక్కులు లేకపోలేదు. ఉర్దూలో నాలుగు వేరువేరు అక్షరాలకు తెలుగులో ఒక్క 'జ' తోనే సరిపెట్టుకోవాలె. దీనిమీద అయ్యవార్లిద్దరూ రెండు వారాలు మాట్లాడుకోలేదు. ఒక మేలు కూడా కనబడింది. ఉర్దూ రాతలో హ్రస్వాలు మామూలుగా రాయరు, తెలిసినవాడు కలుపుకొని చదువుకోవాలె. తెలుగులో హ్రస్వం, దీర్ఘం కండ్లముందే ఉంటాయి. కొత్తగా చదివేవాడి నోట కూడా బహర్ అంతగా కుంటదు.

ఇది ఎట్ల తెలిసిందంటే, మొన్న ఉస్తాదు మనవరాలు, తొమ్మిదో తరగతి, ఎడమపేజీ చూసి ఒక గజల్ చదివింది. తడబడకుండా చదివింది. చివర మక్తాలో తాతగారి తఖల్లుస్ రాగానే ఆగి, "ఇది జేజి వాళ్లను పిలిచే పేరు గదా" అనింది. వాళ్ల నాయన లేచి బయటికి పోయినాడు.

మేము చందా అడగడానికి రాలేదు. రెండే మాటలు. మీ ఇండ్లల్లో అటకల మీద, ట్రంకు పెట్టెలలో, పెద్దవాళ్ల దిండ్ల కింద ఇటువంటి పుస్తకాలుంటాయి. సెహ్రాలు, నాతులు, లాలిపాటలు, ఏవైనా సరే. తూకానికి వేయకముందు మాకు ఒకసారి చూపండి. మీ పుస్తకం మీకే తిరిగి ఇస్తాం. రెండోది, సొసైటీ ఆఫీసులో వెనక గది ఆదివారాలు తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి కార్యదర్శి గారి జేబులో ఉందని మాకు తెలుసు.

పోయిన మూడు పుస్తకాలలోని గజళ్లు కొన్ని దర్జీ భాయికి నోటికి వచ్చు. మిషను తొక్కుతూ ఉంటేనే గుర్తొస్తాయంటాడు. అందుకని ఆపా రోజూ మధ్యాహ్నం అంగట్లో స్టూలు వేసుకొని కూర్చొని, ఆయన కుడుతూ ఉంటే రాసుకుంటున్నారు. నిన్నటికి పదిహేడయినాయి.