శిల నుండి గోడకు: దేవతా చిత్రపటాల చరిత్ర

(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్రిటన్‌లోని మన ఆలయాలలో అనేకం పటంతోనే ఆరంభమయ్యాయి. విగ్రహం రావడానికి, ప్రతిష్ఠ జరగడానికి ఏండ్లు పట్టింది. అంతకు ముందు ఎవరో ఒకరి ఇంటి ముందుగదిలోనో, అద్దెకు తీసుకొన్న హాలులోనో ఒక బల్ల వేసి, దానిపై పట్టుగుడ్డ పరచి, అద్దపు చట్రంలోని ఒక పటాన్ని నిలిపి దీపం వెలిగించారు. ఆ కాగితానికి కూడ ఒక చరిత్ర ఉన్నది. మన పిల్లలు దానిని గురించే అడుగుతున్నారు: "లక్ష్మీదేవి ఇలాగే ఉంటుందని ఎవరు చెప్పారు? ఈ బొమ్మ ఎవరు గీశారు?" అనాదిగా ఇంతేనని మనం బదులిస్తే అది సత్యం కాదు. సత్యమైన సమాధానం అంతకంటె గొప్పది. దానిని నేడు మీకు మనవి చేస్తాను.

అచ్చు రాకముందు కూడ తెలుగునాట బొమ్మ కథ చెప్పింది. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు వెదురు కలంతో వస్త్రంపై రామాయణ ఘట్టాలను వరుసలు వరుసలుగా లిఖించి, వాటి చెంత తెలుగు లిపిలో వివరణ వ్రాసేవారు. అట్టి 19వ శతాబ్దపు వస్త్రాలు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డచుట్టలపై కులపురాణాలను చిత్రించారు. పద్మశాలీలకు భావనాఋషి కథ చెప్పే గాయకుడు ఆ చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ పాడేవాడు. అయితే ఇవన్నీ చేతితో ఒక్కొక్కటిగా చేసినవి. ఆలయానికో, కథకుని కుటుంబానికో చెందినవి. సామాన్యుని ఇంటి గోడ మీదికి ఆ రామాయణం వచ్చే మార్గం లేదు.

ఆ మార్గం ఒక రాతి పలక నుండి వచ్చింది. 18వ శతాబ్దం చివర, బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటకకర్త, తన నాటకాలను చౌకగా అచ్చువేసుకొనే ఉపాయం వెదకుతూ శిలాముద్రణను కనుగొన్నాడు. నూనెకు, నీటికి పొసగదన్నదే దీని మూలసూత్రం. నున్నని సున్నపురాతిపై జిడ్డుగల సుద్దతో బొమ్మ గీసి, రాతిని తడిపి సిరా పూస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోటనే అంటుతుంది. రాతిపై కాగితం పరచి నొక్కితే బొమ్మ దిగుతుంది. రంగులు కావలెనంటే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావాలి. అన్ని రాళ్ళపైన ఒకే కొలతతో గీయాలి, కాగితాన్ని ప్రతిసారి సరిగ్గా అదే స్థానంలో పరచాలి. వెంట్రుకవాసి తొలగినా పెదవి ఎరుపు చెంప మీదికి జారిపోతుంది. గర్భగుడిలో శిలయే దైవరూపం దాల్చినట్లు, ఇక్కడ కూడ దేవత శిల నుండియే వెలువడింది.

1878లో కలకత్తాలో కలకత్తా ఆర్ట్ స్టూడియో, పూనాలో చిత్రశాల ముద్రణాలయం వెలిశాయి. రెండూ దేవతాచిత్రాలను అచ్చువేశాయి. మనం నివసిస్తున్న ఈ దేశానికీ ఈ కథలో పాత్ర ఉన్నది. మాంచెస్టరు వర్తకులు హిందూదేశానికి పంపే బట్టల తానులపై శ్రీకృష్ణుడు, లక్ష్మి మొదలైన దేవతల బొమ్మలు ముద్రించిన రంగురంగుల చీటీలు అంటించేవారు. మన దేశపు కొనుగోలుదారుకు ఇంగ్లీషు రాకపోయినా బొమ్మను బట్టి సరుకును గుర్తించేవాడు. దైవాన్ని వ్యాపారచిహ్నంగా వాడుకోవడం నేటి వింత కాదు.

తిరువాన్కూరులోని కిలిమానూరులో 1848లో జన్మించిన రాజా రవివర్మ చిత్రాలు తొలుత రాజమందిరాలకే పరిమితం. తిరువాన్కూరు, బరోడా సంస్థానాలలో దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు, ఆ చిత్రాలను రంగుల అచ్చులో వేయిస్తే దేశమంతటికీ అందుతాయని ఆయనకు సూచించారు. 1894లో రవివర్మ, ఆయన తమ్ముడు రాజరాజవర్మ బొంబాయిలో ముద్రణాలయం స్థాపించారు. యంత్రాలు, నిపుణులు జర్మనీ నుండి వచ్చారు. శకుంతల జననం తొలి ముద్రణ అయింది. తరువాత పద్మంపై నిలిచిన లక్ష్మి, వీణ ధరించిన సరస్వతి రైళ్ళలో ఊరూరికీ ప్రయాణించారు. నేడు మనం కన్నులు మూసుకొని లక్ష్మీదేవిని తలచుకొంటే మనస్సులో మెదలే చీరకట్టు, చెంత నున్న ఏనుగు చాలవరకు ఆ రాళ్ళపై రూపుదిద్దుకొన్నవే.

ఇందులో మనం మరువరాని విశేషం ఒకటి ఉన్నది. రవివర్మ స్వస్థలమైన తిరువాన్కూరులో నిమ్నకులాలుగా పరిగణింపబడినవారికి ఆలయప్రవేశం లభించినది 1936 నవంబరు 12న, మహారాజు ప్రకటనతో. ముద్రణాలయం మొదలైనది అంతకు 42 ఏండ్ల ముందు. ఆలయద్వారం వద్ద ఆగిపోవలసినవాడు కూడ అచ్చుపటం కొనుక్కొని, తన గుడిసె గోడకు తగిలించి, ఎవరి అనుమతీ లేకుండ దర్శనం చేసుకోగలిగాడు. స్త్రీలు ఆ పటాలకు జరీ, గుడ్డపీలికలు, తళుకులు అంటించి తమ చేతులతో అలంకరించుకొన్నారు. కాగితం పవిత్రమైనది ఆ చేతులవల్లనే.

ముద్రణాలయం రవివర్మకు లాభం చేకూర్చలేదు. బొంబాయిలో ప్లేగు వ్యాపించిన రోజుల్లో లోనావాలా సమీపానికి తరలిపోయి, చివరికి జర్మను నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి చేరింది. అయినా రూపాలు నిలిచాయి. ఆ ముద్రణాలయంలో పనిచేసిన దాదాసాహెబ్ ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' చలనచిత్రం తీశారు. తమిళనాట కోవిల్‌పట్టిలో కొండయ్య రాజు, ఆయన శిష్యులు గీసిన దేవతలు శివకాశిలో కేలండర్లై ఇంటింటా వెలిశారు. 1957లో 'మాయాబజార్' వచ్చిన తరువాత తెలుగువారి శ్రీకృష్ణుడు నందమూరి తారక రామారావు గారి పోలికతో గోడలకెక్కాడు. పటం సినిమాకు రూపమిచ్చింది, సినిమా తిరిగి పటానికి రూపమిచ్చింది.

దీనివల్ల నష్టం కూడ కలిగింది. పసుపు కుంకుమలు పూసిన రాతిగా వేపచెట్టు క్రింద కొలువైన మన పోచమ్మకు, ఎల్లమ్మకు సైతం అదే తెల్లని మేనిఛాయ, అదే కిరీటం వచ్చాయి. ఊరి దేవతలకున్న విడివిడి ముఖాలు అచ్చుపోతలో కలిసిపోయాయి. మన పిల్లలకు ఇది కూడ చెప్పాలి. ధ్యానశ్లోకం చెప్పేది దేవత చేతులు, ఆయుధాలు, ఆసనం, వర్ణం. చీర అంచు, ముక్కుతీరు చిత్రకారునివి. ఆ భేదం తెలిసిన బిడ్డకు ప్రశ్న అడిగినందున భక్తి తగ్గదు. చూచే కన్ను మాత్రం పదునెక్కుతుంది.

నేడు ఒక్క మీట నొక్కితే వేయి రూపాలు తెరపై వస్తున్నాయి. ఎంతో శ్రమతో రాతిపై పుట్టిన రూపం ఇప్పుడు కాగితపు పళ్ళెం మీద, ఫలహారపు సంచి మీద అచ్చయి, ఉత్సవం ముగిసేసరికి చెత్తబుట్టలో పడుతున్నది. ఒకనాడు ద్వారం తెరచిన పటాన్ని మనమే పారవేస్తున్నాము. అందుచేత ఈ సంఘానికి మూడు విన్నపాలు. పారవేసే వస్తువులపై దేవతాచిత్రాలను ముద్రించవద్దు. పాతబడిన పటాలను స్వీకరించడానికి ఆలయంలో ఒక చోటు కేటాయించండి. మన సమావేశ మందిరంలోని ప్రతి చిత్రం క్రింద, అది ఏ శైలిదో, ఎవరు చిత్రించినదో, తెలిసినంతవరకు తెలుగులోను, ఇంగ్లీషులోను రెండు పంక్తులు వ్రాయించండి. బాలవికాస తరగతికి అదే మంచి పాఠం.

కేలండరు మారినా, చట్రంలోని ఆ పాత పటాన్ని గోడ నుండి దించని గృహిణులు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. ఈ చరిత్రను కాపాడినది వారే. వారికి నమస్కరిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.