పాదవైద్యమునకు ముందటి చదువు



పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న మా శ్రీహరికోటనుండి 1971 మొదలు రాకెట్లు ఎగురుచున్నవి. నేను మాత్రము నేలమీది పాదమును గూర్చియే చెప్పదలచితిని.

మా అన్నగారి మనుమరాలు అమెరికాలో వాణిజ్యశాస్త్రమున పట్టము పొంది, యిపుడు పాదవైద్యము చదువగోరుచున్నది. జీవ, రసాయన, భౌతికశాస్త్రములు ప్రయోగములతో ముందే చదివినగాని ఆ కళాశాలలలో ప్రవేశము లేదు. అందుకై ఆమె రుసుము తక్కువైన కమ్యూనిటీ కాలేజీలో మొదటి పాఠములకు కూర్చున్నది. ఆపై నాలుగేండ్ల వైద్యవిద్య, మూడేండ్ల ఆసుపత్రి శిక్షణ. "పెండ్లి యెప్పుడు?" అని మాయింట గొణుగుడు. మన పిల్లలు వైద్యమునకు పోవుటకు ముందు ఇంటర్మీడియెటులో రెండేండ్లు బై.పి.సి. చదువుటయు నిట్టిదే కదా!

పాదమున 26 ఎముకలు కలవు. చక్కెరవ్యాధి ముదిరినచో నరములు మొద్దుబారి, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. రక్తప్రసారము చాలక పుండు మానదు. తుదకు కాలు తీసివేయవలసి వచ్చుటయు కలదు. ఇసుకలో చెప్పులు లేక నడచు మనవారి మాట చెప్పనేల? నరమేల మొద్దుబారునో, మందు రక్తములో నేమిచేయునో యెరుగనివారి చేతికి కత్తి యెట్లిత్తుము? ఆ చదువు కాలహరణమని నేననను. రుసుములో కొంత నేనే పంపుచున్నాను.

చక్కెరవ్యాధి గలవారు ప్రతిదినము అరికాళ్లు చూచుకొనవలయునని ఆమె మొన్న వ్రాసినది. వంగలేను గనుక, నేను నేలపై అద్దముంచి చూచుకొనుచున్నాను.