జీతం రాని నెలలో, నిద్ర పట్టని రాత్రిలో కీర్తనలు

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల రాత ప్రతి. మాట్లాడినట్టే ఉంచాం.)

గల్ఫ్‌లో ఉన్న అన్నలకి, మలేషియా, సింగపూర్‌లలో ఉన్న తమ్ముళ్ళకి, పరాయి ఇళ్ళల్లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్ళకి, షిఫ్టు దిగి కంపెనీ బస్సులో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్న ప్రతి ఒక్కరికీ ఈ మాటలు.

నేను మాట్లాడుతున్నది యాంగోన్ నుంచి. మన పెద్దవాళ్ళ నోట్లో ఇది రంగూన్. ఇక్కడ మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో ఉంటాను. ఒక పక్క కందోజీ చెరువు, ఇంకో పక్క మింగళ బజారు. నేను పాస్టర్ని కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, ఇరవై ఏళ్ళ పైనుంచి సైట్ల మీదే ఉన్నాను, ఇప్పుడు సూపర్‌వైజర్ని. కాబట్టి ఈ పూట వినేది ప్రసంగం అనుకోకండి. పనివాడు పనివాడితో చెప్పుకునే మాట అనుకోండి. మనలో హిందువులున్నారు, ముస్లింలున్నారు, దేవుడంటే నమ్మకం లేనివాళ్ళూ ఉన్నారు. అందరూ వినొచ్చు. బాధ అందరిదీ ఒకటే కదా.

విషయం ఏంటంటే, బైబిల్లో కీర్తనల గ్రంథం. రోజూ పనిచేసుకునే మనిషికి అది ఎలా ఆదరణ ఇస్తుంది అన్నది.

ముందు ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ మనం మొదటివాళ్ళం కాదు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉంది కదా, అక్కణ్ణించి ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ళని ఇక్కడ కోరంగీలు అనేవాళ్ళు. తర్వాత ఏ ఊరి నుంచి వచ్చినా తెలుగు కూలీకి అదే పేరు పడిపోయింది. రేవులో బస్తాలు మోసినవాళ్ళు, రిక్షా లాగినవాళ్ళు, ఊరు శుభ్రం చేసినవాళ్ళు చాలామంది మనవాళ్ళే. 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మా కూలీల్ని పొమ్మన్నారు. ఆకలితో ఉన్న ఇద్దరి మధ్య గొడవ రేగింది. వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. ఆ తర్వాత లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి ఇండియాకి పోయారు. దారిలో ఎంతమంది పడిపోయారో. 1964లో దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వం తీసేసుకున్నాక ఇంకొన్ని ఓడలు నిండాయి. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఆ పేరు ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఒంటరితనం కొత్తది కాదు. కీర్తనలు కూడా అలాంటి మనుషుల నోట్లోంచి వచ్చినవే. సుఖంగా కుర్చీలో కూర్చుని రాసుకున్నవి తక్కువ. తరిమితే గుహలో దాక్కున్నవాడు, జబ్బుపడ్డవాడు, చెయ్యని తప్పుకి నింద మోసినవాడు, పరాయి దేశానికి బందీగా పోయినవాడు, వీళ్ళ మాటలు అవి.

మొత్తం 150 కీర్తనలు. ఐదు భాగాలు చేశారు. 119వది అన్నింటికంటే పెద్దది, 176 వచనాలు. 117వది అన్నింటికంటే చిన్నది, రెండే వచనాలు, టీ తాగే లోపల చదివెయ్యొచ్చు. చాలామంది కీర్తనలంటే స్తుతి పాటలే అనుకుంటారు. లెక్కపెట్టి చూస్తే దాదాపు మూడో వంతు ఏడుపు, ఫిర్యాదు, మొర. ఇది నాకు చాలా పెద్ద సంగతి అనిపిస్తుంది. దేవుడి పుస్తకంలో దేవుడి మీదే చేసిన ఫిర్యాదుల్ని తీసెయ్యకుండా ఉంచారంటే, అవి ఆయన వినదలచుకున్నవే అని.

మా సైట్లో రాడ్ బెండింగ్ పనిచేసే తమ్ముడు ఒకడు ఉండేవాడు, ఇచ్ఛాపురం వైపువాడు. వాళ్ళ నాన్న పోయాడని కబురొచ్చింది. కాగితాలు, టిక్కెట్టు, ఏదీ టైముకి కుదరలేదు. దహనం వీడియో కాల్లో చూశాడు. మధ్యలో కరెంటు పోయి వైఫై ఆగిపోయింది. ఇక్కడ కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. మర్నాడు పనికొచ్చాడు. ఒక్క మాట లేదు. రూంలో అందరూ ‘ధైర్యంగా ఉండాల్రా, ఏడవకూడదు’ అంటున్నారు. అతను గట్టిగా తలూపి రాడ్లు కడుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఎత్తు మీద ఆ చేతులతో పని ఎంత ప్రమాదమో మనకి తెలుసు. కిందకి దింపి స్టోర్‌లో కూర్చోబెట్టాను.

సాయంత్రం ఫోన్లో 13వ కీర్తన తీసి ఇచ్చాను. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే దావీదు దేవుణ్ణి ‘ఇంకా ఎన్నాళ్ళు’ అన్న ప్రశ్న నాలుగుసార్లు అడుగుతాడు. నన్ను మర్చిపోయావా, మొహం తిప్పేసుకున్నావా అన్న ధోరణి. చదివి తమ్ముడు అడిగాడు, ‘అన్నా, దేవుణ్ణి ఇలా అడగొచ్చా?’ అడిగింది రాజు, రాసింది బైబిల్లో, నువ్వు అడిగితే తప్పేంటి అన్నాను. అప్పుడు ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. నేనేమీ చెప్పలేదు, పక్కన కూర్చున్నాను, అంతే.

మన పనిలో ఒక సంగతి ఉంది. పొడుగాటి స్లాబు వేసేటప్పుడు మధ్యలో కావాలనే సందు వదుల్తాం, ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటాం. ఎండకి కాంక్రీటు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ సందు లేకపోతే దానికి ఇష్టమొచ్చిన చోట పగులు ఇస్తుంది. మనిషికి కూడా అలాంటి సందు కావాలి. ఆ చోటు లేనివాడు తాగుడులో పగులుతాడు, పెళ్ళాం మీద ఫోన్లో అరవడంలో పగులుతాడు, కొందరు ప్రాణమే తీసుకుంటున్నారు. విశ్వాసం ఉంటే ఏడవకూడదు అని బోధించేవాళ్ళతో నాకు ఇక్కడే పేచీ. వాళ్ళు ఆ సందుని సిమెంటుతో పూడ్చేస్తున్నారు.

88వ కీర్తన చదివి చూడండి. చాలా మొర కీర్తనలు చివరికొచ్చేసరికి కాస్త వెలుగులోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా అది ప్రార్థనే. మొదటి వచనం నుంచి దేవుణ్ణి పిలుస్తూనే ఉంటాడు. నీ బాధ ఈ వారం తీరకపోయినా, నీ ప్రార్థన చెల్లిందనే అర్థం.

సరే, ఏడుపు ఒకటి. కోపం సంగతేంటి? జీతం ఆపేసిన వాడి మీద కోపం? ఈ దేశానికి రాకముందు వేరే చోట పనిచేస్తున్నప్పుడు ఒక సబ్ కాంట్రాక్టరు నాకు, ఇంకో పదకొండుమందికి రెండు నెలల జీతం ఎగ్గొట్టాడు. ఆ రోజుల్లో నాకు తోడు 10వ కీర్తన. బీదవాణ్ణి వేటాడే మనిషి గురించి అందులో ఉన్నంత సూటిగా నేను ఇంకెక్కడా చదవలేదు. మాటు వేసే సింహంతో పోలుస్తాడు. దేవుడు చూడడులే అనుకుంటాడు ఆ మనిషి, కానీ చూస్తున్నాడు అంటుంది కీర్తన. 137వది ఇంకా తీవ్రం. యెరూషలేము కూలిపోయాక, క్రీస్తు పూర్వం 586 ప్రాంతంలో, బబులోనుకి బందీలుగా పోయినవాళ్ళది. మీ ఊరి పాట ఒకటి పాడండి అని వాళ్ళని పట్టుకున్నవాళ్ళే ఎగతాళిగా అడిగారు. వీళ్ళు సితారాలు చెట్లకి తగిలించేశారు. ఆ కీర్తన చివర్లో కోపం ఎంత ఘోరంగా ఉంటుందంటే గుడిలో చదవడానికి జంకుతారు. నాకు అర్థమైంది ఏంటంటే, ఆ కోపాన్ని చేతిలోకి తీసుకోకుండా దేవుడి ముందు కుమ్మరించారు. మనం చెయ్యగలిగిందీ అదే.

కానీ ఒక్కటి. కీర్తన చదువుకుని జీతం వదిలెయ్యమని నేను చెప్పడం లేదు. దేవుడు బీదవాడి పక్షం అని నమ్మినవాడు తన హక్కు అడగాలి. కాంట్రాక్టు కాగితం ఫొటో తీసి ఇంటికి పంపండి. హాజరు లెక్క మీ దగ్గర రాసుకోండి. ఇండియన్ ఎంబసీకి వెళ్ళండి. విదేశాంగ శాఖవాళ్ళ ‘మదద్’ పోర్టల్ 2015 నుంచి ఉంది, మీ తరఫున ఇంటివాళ్ళు కూడా అందులో ఫిర్యాదు పెట్టొచ్చు. మన ఒంగోలు చరిత్రే చూడండి. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళకి పని, కూలి ఇచ్చాడు. పని ఆగినప్పుడు కూర్చోబెట్టి వాక్యం చెప్పేవాడు. కడుపుకి కూలి, మనసుకి మాట. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టలేదు.

ఇప్పుడు నిద్ర గురించి. 127వ కీర్తన మేస్త్రీల కీర్తన అంటాను నేను. ఐదు వచనాలు. సొలొమోను పేరుతో ఉంది, దేవాలయం కట్టించిన రాజు. అంత కట్టడం కట్టించినవాడి పేరు మీదున్న కీర్తన ఏమంటుందంటే, ఇల్లు దేవుడు కట్టకపోతే మన కష్టం వృథా, పొద్దున్నే లేచి రాత్రి దాకా చాకిరీ చేసి ఆందోళనతో తిన్నా లాభం లేదు, తాను ప్రేమించేవాళ్ళకి ఆయన నిద్ర ఇస్తాడు అని. ఓవర్‌టైం చేసేవాళ్ళకి ఈ మాట గుచ్చుకుంటుంది. పని మానెయ్యమని కాదు. ఊళ్ళో కడుతున్న ఇల్లు, చెల్లి పెళ్ళి, బ్యాంకు అప్పు, ఇవన్నీ నా ఒక్కడి రెక్కల మీదే నిలబడి ఉన్నాయి అన్న బరువు కాసేపు దించమని. మంచం ఎక్కినప్పుడు ఈ ఐదు వచనాలు చదివి, ఫోను పక్కన పెట్టి, లైటు తీసెయ్యండి.

పొద్దున్నకి 121వది. యెరూషలేముకి నడిచి వెళ్ళే యాత్రికులు పాడుకునేవి అంటారే, 120 నుంచి 134 దాకా, యాత్ర కీర్తనలు, అందులో ఇది రెండోది. ఎనిమిది వచనాల్లో కాపాడటం, కాయడం అన్న మాట హెబ్రీలో ఆరుసార్లు వస్తుంది. దేవుడు కునకడు, నిద్రపోడు అంటుంది. సైట్లో రాత్రి వాచ్‌మన్ ఉంటాడు కదా, ఎంత మంచివాడైనా రెండు గంటలప్పుడు కునుకుతాడు. ఈయన కునకడు. పగటి ఎండ నిన్ను కొట్టదు అని కూడా ఉంది. దోహా ఎండలో, ఇక్కడి ఏప్రిల్ ఎండలో నిలబడ్డవాడికే ఆ మాట విలువ తెలుస్తుంది. అయినా నీళ్ళు తాగండి, హెల్మెట్ పెట్టుకోండి, బెల్టు తగిలించుకోండి. కీర్తన చదివాను కదా అని బెల్టు లేకుండా ఎక్కితే నేనే దింపేస్తాను.

2025 మార్చి 28 మధ్యాహ్నం భూకంపం వచ్చింది, తీవ్రత 7.7. సగాయింగ్, మాండలే వైపు ఊళ్ళు నేలమట్టమయ్యాయి. ఎక్కడో దూరాన బ్యాంకాక్‌లో కడుతున్న 30 అంతస్తుల పైనున్న భవనం కుప్పకూలింది. లోపల ఉన్నది మనలాంటి పనివాళ్ళే, వాళ్ళలో బర్మా నుంచి పొట్టకూటికి పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ వారం మా సైట్లో మాండలే వైపు కుర్రాళ్ళు ఫోన్లు కలవక నేల మీద కూర్చుండిపోయారు. వాళ్ళు బౌద్ధులు. ఒకతను నన్ను అడిగాడు, మీ పుస్తకంలో భూమి కదలడం గురించి ఉందా అని. 46వ కీర్తన ఉంది. భూమి మారిపోయినా, కొండలు సముద్రంలో పడినా మనకి ఆశ్రయం ఉంది అంటుంది. బర్మా బైబిల్లో అదే భాగం తీసి చూపించాను. 1813లో ఇక్కడికొచ్చిన ఆదోనిరామ్ జడ్సన్ చేసిన అనువాదం అది, 1834కి పూర్తిచేశాడు. మధ్యలో ఆవాలో సంకెళ్ళతో జైల్లో ఉన్నాడు, అప్పుడు అతని కొత్త నిబంధన రాతప్రతిని భార్య దిండులో కుట్టి కాపాడింది. జైలు చూసినవాడి చేతి మీదుగా వచ్చిన మాట ఇల్లు కూలినవాడి చేతికి అందింది. అతను చదివి, ఫొటో తీసుకుని, వాళ్ళ అమ్మకి పంపించాడు. భూకంపం ఎందుకు వచ్చింది అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ కీర్తన కూడా ఎందుకు అన్నది చెప్పదు. భూమి కదులుతున్నప్పుడు ఎవర్ని పట్టుకోవాలో చెప్తుంది.

చివరగా, ఎలా చదవాలి. మూడు మాటలు.

ఒకటి, బయటికి చదవండి. పెదవులు కదలాలి. రూంలో సిగ్గయితే బాత్రూంలో చదవండి, మేడ మీద చదవండి.

రెండు, ‘సెలా’ అన్న మాట వచ్చిన చోట ఆగండి. కీర్తనల్లో అది 71 సార్లు ఉంది. దాని అర్థం పండితులు రకరకాలుగా చెప్తారు. నేను మాత్రం అక్కడ ఒక ఊపిరి తీసుకుని ఆగుతాను. రోజంతా పరిగెత్తేవాడికి ఆ ఆగడమే ఒక విశ్రాంతి.

మూడు, ఇంట్లోవాళ్ళతో కలిసి చదవండి. ఇక్కడ టైము ఇండియా కంటే ఒక గంట ముందు. నాకు ఆరున్నర అయితే మా ఆవిడకి ఐదున్నర. ఇద్దరం ఒకే కీర్తన చదువుతాం. నెట్ లేకపోయినా పర్వాలేదు, ఏది చదవాలో ఆదివారమే అనుకుంటాం. ఫోన్లో ఎప్పుడూ డబ్బుల గొడవే మాట్లాడుకునే ఇంట్లో ఇదొక వేరే మాట అవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. వారాల తరబడి నిద్ర లేకపోతే, బతకాలని లేదు అనిపిస్తే, కీర్తనతో పాటు మనిషి కూడా కావాలి. పక్క మంచం వాడికి చెప్పండి, డాక్టరుకి చెప్పండి. ఇండియాలో ఉన్న మీ ఇంటివాళ్ళు 14416కి, టెలి మానస్‌కి, ఫోన్ చేసి మాట్లాడొచ్చు. అది విశ్వాసం తక్కువ కావడం కాదు.

ప్రార్థన చేసుకుందాం. దేవా, ఇంటికి దూరంగా ఉన్న మమ్మల్ని చూడు. జీతం రానివాళ్ళకి న్యాయం చెయ్యి. ఎత్తు మీద ఉన్నవాళ్ళని కాయి. కబురు కోసం ఎదురుచూస్తున్న తల్లుల్ని ఓదార్చు. ఈ రాత్రి మా కళ్ళకి నిద్ర ఇవ్వు. ఆమేన్.

ఈ వారం మీరు చదివిన కీర్తన నంబరు ఒక్కటి వాయిస్ మెసేజ్‌లో పంపండి, చాలు. వచ్చే ఎపిసోడ్‌లో 107వ కీర్తన చూద్దాం. దారి తప్పినవాళ్ళు, ఖైదీలు, జబ్బుపడ్డవాళ్ళు, ఓడ పనివాళ్ళు, నలుగురూ అందులో ఉన్నారు. జాగ్రత్తగా పనికెళ్ళి జాగ్రత్తగా రండి. ఉంటాను.